ఎఫ్/4 ఉంటే సిటీ లైట్ లెక్కే కాదని చెప్పి అమ్ముతున్నాడు, నమ్మకండి

టైము రాత్రి రెండున్నర. నిద్ర పట్టక రాస్తున్నా. ఎవరి గురించో మీలో సగం మందికి చదవగానే తెలిసిపోతుంది, పేరు మాత్రం రాయను. టెలిస్కోపులు అమ్ముతాడు. హైదరాబాద్‌లో ఆకాశం ఫోటోలు తీసే మనవాళ్ళు చాలామంది అతని దగ్గర ఐపీసులు, బార్లోలు (టెలిస్కోప్‌కి తగిలించే కటకాలు) కొన్నారు. నేనూ రెండుసార్లు కొన్నా, ఏ ఇబ్బందీ రాలేదు. అందుకే మూడోసారి ఏమీ అడగకుండా నమ్మేశా.

విషయం గబగబా చెప్పేస్తా. 8 అంగుళాల ఎఫ్/4 న్యూటోనియన్, అంటే అద్దంతో వెలుగు పోగుచేసే టెలిస్కోప్, ఫోకల్ లెంగ్త్ 800 మిల్లీమీటర్లు. ఫోకల్ లెంగ్త్‌ని అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ నంబరు, అది చిన్నదయ్యేకొద్దీ స్కోప్ ఫాస్ట్ అంటారు. కొత్తది, కోమా కరెక్టర్‌తో (ఫోటో మూలల్లో నక్షత్రాలకి తోకలు రాకుండా చేసే కటకం) కలిపి 82 వేలు అన్నాడు. బిల్లు వద్దంటే 6 వేలు తగ్గిస్తా అన్నాడు. ఒప్పుకున్నా. 76 వేలు యూపీఐలో పంపా. అందులో 30 వేలు నా 80 మిల్లీమీటర్ల ఎఫ్/6 రిఫ్రాక్టర్ (కటకాల టెలిస్కోప్) అమ్మితే వచ్చినవి. మిగతాది మా ఆవిడ చీటీ పాడిన డబ్బు. కోమా కరెక్టర్ పెట్టెలో లేదు. వారంలో పంపిస్తా అన్నాడు, ఇవాళ్టికి అయిదు వారాలు.

ఆ చిన్న రిఫ్రాక్టర్‌తో, రెండే రెండు రంగుల్ని వదిలే ఒక డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్‌తో, మా నిజాంపేట మేడ మీద నుంచే రోజెట్ నెబ్యులా అనే వాయు మేఘాన్ని తీశా. ఎర్రటి పువ్వులాగా వచ్చింది. ఆ బొమ్మ మా హాల్లో ఫ్రేమ్ కట్టి ఉంది. అలాంటి టెలిస్కోప్‌ని అమ్ముకున్నా. ఇది రాస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

ఎందుకు అమ్మానంటే అతని మాట విని. గెలాక్సీలు తీయాలని ఉందయ్యా, సిటీలో రావట్లేదు అన్నాను. వాయిస్ మెసేజ్ పెట్టాడు, ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. "అన్నా, మీరింకా ఎఫ్/6తో కుస్తీ పడుతున్నరా? ఎఫ్/4 పెట్టండి, ఊకే వచ్చేస్తది. ఫాస్ట్ స్కోప్‌కి సిటీ లైట్ లెక్కనే కాదన్నా, అంత స్పీడ్ ఉంటది." ఇవే మాటలు.

ఈ మాట వేరేవాళ్ళకి కూడా చెబుతున్నాడని ఈ మధ్యే తెలిసింది. కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఎఫ్/6 నుంచి ఎఫ్/4కి వస్తే ఒక్కో పిక్సెల్ మీద రెండుంపావు రెట్లు వెలుగు పడుతుంది. అందులో అబద్ధం లేదు. కానీ ఆ వెలుగులో గెలాక్సీది ఎంత, కింద వీధి దీపాలది ఎంత? రెండూ ఒకే లెక్కన పెరుగుతాయి. నీళ్ళు కలిసిన పాలని సన్న గొట్టంతో పట్టినా లావు గొట్టంతో పట్టినా అవి అవే పాలు. చెంబు త్వరగా నిండుతుంది, అంతే. అద్దం పెద్దది కాబట్టి అవతలి వస్తువు నుంచి వచ్చే వెలుగు ఎక్కువ పోగవుతుంది, ఆ లాభం నిజమైనదే. కానీ అది అద్దం సైజుది. ఆకాశం తెల్లగా ఉంటే ఎఫ్ నంబరు దాన్ని నల్లగా చేయదు.

మా మేడ మీద ఎస్‌క్యూఎం మీటరు, అంటే ఆకాశం ఎంత చీకటో కొలిచేది, 17.9 చూపించింది. అంకె పెరిగేకొద్దీ చీకటి ఎక్కువ. నిజంగా చీకటిగా ఉండే చోట 21.9 దాకా వస్తుంది. మ్యాగ్నిట్యూడ్ అనే ఈ కొలతలో నాలుగు తేడా అంటే మా ఆకాశం దాదాపు 40 రెట్లు వెలుగ్గా ఉందని. చీకట్లో ఒక గంటలో వచ్చే గెలాక్సీ ఇక్కడ అంతే శుభ్రంగా రావాలంటే 40 గంటలు కావాలి. సోడియం దీపాల రోజుల్లో ఆ పసుపు వెలుగు చాలావరకు 589 నానోమీటర్ల దగ్గరే ఉండేది, ఫిల్టర్‌తో కొంత ఆపగలిగేవాళ్ళం. ఇప్పుడు వీధంతా తెల్ల ఎల్‌ఈడీలు, అన్ని రంగులూ కలిసి ఉంటాయి. గెలాక్సీ వెలుగు కూడా నక్షత్రాల వెలుగే, అన్ని రంగులూ ఉంటాయి. దేన్ని ఆపాలి, దేన్ని వదలాలి? నా రోజెట్ ఎందుకొచ్చిందంటే దాని వెలుగు 656.3 నానోమీటర్ల దగ్గర హైడ్రోజన్ ఇచ్చే హెచ్-ఆల్ఫాలోనూ 500.7 దగ్గర ఆక్సిజన్‌లోనూ సన్నని గీతల్లాగా వస్తుంది కాబట్టి. ఆ రెండు గీతలూ వదిలి మిగతాదంతా ఆపేస్తే చాలు. ఆ పని చేసింది ఫిల్టర్. ఎఫ్/6 కాదు, ఎఫ్/4 కాదు.

ఇదంతా నాకు తెలుసు. ఆరేళ్ళుగా ఈ పనిలో ఉన్నా. తెలిసి కూడా ఆ వాయిస్ మెసేజ్ విన్నప్పుడు నమ్మాలనిపించింది. ఆ తప్పు నాదే.

మొదటి రాత్రి ఎం33 గెలాక్సీ పెట్టా. రెండు నిమిషాల ఎక్స్‌పోజర్. స్క్రీన్ మీద కాగితంలాంటి తెలుపు, వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు, హిస్టోగ్రామ్, కుడివైపు గోడకి గుద్దుకుని ఉంది. తగ్గిస్తూ తగ్గిస్తూ 20 సెకన్లకి వచ్చా. మూడు గంటలకి 540 ఫ్రేములు, 28 జీబీ. ల్యాప్‌టాప్‌లో చోటు లేక పాప స్కూల్ వీడియోలు తీసి పెన్‌డ్రైవ్‌లో వేశా. ఫ్రేములన్నీ ఒకటిగా కలిపి స్టాక్ చేస్తే మధ్యలో ఒక పసుపు మచ్చ, చుట్టూ మూల నుంచి మూలకి మారుతూ పోయే వెలుగు, గ్రేడియంట్. గెలాక్సీ మెలికల చేతుల జాడ లేదు.

అయినా అప్పటికి అతన్ని ఒక్క మాట అనలేదు. నా ఆకాశం ఇంతే, నేనే ఎక్కువ ఆశపడ్డా అనుకున్నా.

కానీ నక్షత్రాలు గుండ్రంగా లేవు. మూలల్లో తోకలు వస్తే అర్థం చేసుకోగలను, కోమా కరెక్టర్ లేదు కదా. నట్టనడుమ ఉన్న నక్షత్రం కూడా త్రికోణంగా ఉంది. ఫోకస్ కాస్త తప్పించి చూస్తే మూడు మూలలతో సమోసాలాగా కనబడింది. ఇది ఆకాశం చేసే పని కాదు. అద్దాన్ని మూడుచోట్ల ఏదో నొక్కుతుంటే ఇలా వస్తుంది.

ఆదివారం పొద్దున డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి వెనక అద్దాన్ని పట్టి ఉంచే సెల్ విప్పా. మూడు స్క్రూల తలల మీదా స్క్రూడ్రైవర్ జారిన గీతలు, లోపలి ఇత్తడి రంగు బయటపడి మెరుస్తోంది. కొత్త టెలిస్కోప్ అది. అద్దాన్ని పట్టుకునే మూడు క్లిప్పుల్లో ఒకటి సగానికి విరిగి ఉంది. విరిగిన చోట అద్దం కదలకుండా ఒక అట్టముక్క నాలుగు మడతలు పెట్టి కుక్కారు. బయటికి లాగి మడత విప్పి చూశా. తెలుపు మీద నీలం అక్షరాలు, బీపీ మాత్రల పెట్టె ముక్క. ఎక్స్‌పైరీ తేదీ దగ్గర చింపారు. అద్దం అంచున పక్కనే ఒక బొటనవేలి ముద్ర, ఎండిపోయి ఉంది.

అట్టముక్క తీసేసి మళ్ళీ బిగిస్తే ఆ రాత్రి నడుమ నక్షత్రం గుండ్రంగా వచ్చింది. కానీ తూర్పు నుంచి పడమరకి తిప్పగానే అద్దం జరుగుతోంది, అద్దం సరిగ్గా ఉందో చూసే లేజర్ చుక్క ఎక్కడో ఉంటోంది. అట్ట పెడితే త్రికోణం, తీస్తే కొలిమేషన్ (అద్దాలని వరుసలో సర్దడం) నిలవదు. ఎఫ్/8 అయితే ఇంత జరుగు కొంత ఓర్చుకునేది. ఎఫ్/4లో నక్షత్రం సూదిమొనలా వచ్చే చోటు మధ్యలో ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు, ఎఫ్/8లో అది 11. ఫోకస్ నిలిచే మందం 40 మైక్రాన్లు, వెంట్రుక కంటే సన్నం. చలికి ట్యూబు కాస్త ముడుచుకుంటేనే మళ్ళీ ఫోకస్ చేసుకోవాలి. ఫాస్ట్ స్కోప్ అంటే ఇంత పట్టి చూడాల్సిన వస్తువు, అలాంటిదాన్ని మాత్రల అట్టతో సర్ది అమ్మాడు.

ఫోటోలు పంపి ఫోన్ చేశా. పాప పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది, చేతులకి నూనె ఉందని స్పీకర్‌లో పెట్టా. తమ్ముడూ, ఇలా ఉంది, ఇది ఎవరో వాడి తిరిగిచ్చింది అనుకుంటా, నీకు తెలియక వచ్చిందేమో, మార్చి ఇవ్వు అన్నా. నిజంగానే అతనికి తెలియదనుకునే మాట్లాడా.

"మీ నిజాంపేట ఆకాశంల ఏం పెట్టినా గట్లనే ఉంటదన్నా. అది స్కై ప్రాబ్లం. స్కోప్‌ది కాదు."

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. కొనకముందు సిటీ లైట్ లెక్కే కాదు. కొన్నాక తప్పంతా సిటీ లైట్‌దే. ఇదే ఆకాశం, ఇదే మేడ, ఇదే మనిషి.

లెక్కే కాదన్నావు కదా తమ్ముడూ, వాయిస్ ఉంది నా దగ్గర అన్నా. కాసేపు చప్పుడు లేదు. తర్వాత గొంతు మారింది.

"ముందు నువ్వు కొలిమేషన్ చేసుడు నేర్చుకో. రానోళ్ళు ఇంత పెద్దవి కొనొద్దు."

నువ్వు. నాలుగేళ్ళుగా అన్నా, మీరు అని తప్ప పిలవనివాడు. డబ్బు అందాక, తప్పు బయటపడ్డాక, నువ్వు. నాకు 46 ఏళ్ళు. 6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ మీద ప్రతి శనివారం ఈ చేతులతో చేసిన పని ఆ కొలిమేషన్.

మరి ఆ అట్టముక్క సంగతేంటి అని అడిగా.

"నువ్వే పెట్టి ఉంటవ్. వాపస్ ఇద్దామని."

ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే కలవలేదు, నంబరు బ్లాక్ చేశాడు. 76 వేల కంటే ఈ మాటే నన్ను ఇప్పుడు నిద్రపోనివ్వట్లేదు. మోసం చేసినవాడు మోసం చేశాడు, దాన్ని నా నెత్తికే చుట్టాడు. పాప పెన్సిల్ ఆపి నన్నే చూస్తోంది. "నాన్నా, నువ్వే పెట్టావా?" అంది. లేదమ్మా అన్నా. ఆ రెండు ముక్కలు నా కూతురికి చెప్పుకోవాల్సి వచ్చింది. దానికి గొల్లకావడి ఎక్కడుంటుందో, పిల్లలకోడి ఎక్కడుంటుందో ఈ మేడ మీదే చూపించా. ఈ టెలిస్కోప్ వచ్చిన రోజు పెట్టె మీద దాని పేరు స్కెచ్ పెన్నుతో రాసుకుంది.

కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేశా. మర్యాదగానే మాట్లాడారు, మొదటి ప్రశ్న బిల్లు ఉందా అని. 6 వేల కోసం వద్దన్నది నేనే. యూపీఐ రసీదు, చాట్, ఆ వాయిస్ మెసేజ్ ఉన్నాయి, వాటితోనే సోమవారం ఫిర్యాదు పెడుతున్నా. ఏమవుతుందో చూడాలి.

కొనబోయేవాళ్ళకి రెండు మాటలు. సిటీలో మేడ మీద నుంచి తీసేవాళ్ళయితే డబ్బు ముందు సన్నని గీతల్ని మాత్రమే వదిలే మంచి నారో బ్యాండ్ ఫిల్టర్ మీద పెట్టండి, నెబ్యులాలు తీయండి. గెలాక్సీల కోసం ఊరు దాటండి, అక్కడ ఎఫ్/4 నిజంగా బాగుంటుంది. ఎఫ్/4 మీద మరీ సన్న ఫిల్టర్ కొనేటప్పుడు ఆ ఫిల్టర్ అంత ఫాస్ట్ స్కోప్‌కి సరిపోతుందా అని అడగండి, వెలుగు ఏటవాలుగా పడేకొద్దీ ఫిల్టర్ వదిలే రంగు నీలంవైపు జరుగుతుంది. ఎఫ్/2 వాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ. కొత్తదని చెప్పినా సరే అమ్మేవాడి ముందే ఒక నక్షత్రాన్ని ఫోకస్ తప్పించి చూడండి, గుండ్రంగా లేకపోతే డబ్బు ఇవ్వకండి. బిల్లు తీసుకోండి. మీ పాత టెలిస్కోప్ అప్పుడే అమ్మకండి.

అతని దగ్గర ఈ ఆరు నెలల్లో న్యూటోనియన్ కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, పగటిపూట వెనక స్క్రూల తలలు ఒకసారి చూడండి. గీతలుంటే విప్పేముందు ఫోటోలు తీసుకోండి, లేకపోతే మీరే చేశారంటాడు. నా దగ్గరున్న అట్టముక్క పారేయలేదు, జిప్ కవర్లో పెట్టి తేదీ రాసి ఉంచా. దాని మిగతా సగం మీ టెలిస్కోప్‌లో దొరికితే నాకు చెప్పండి.