మబీని వెంట: తనావన్, మనీలా, కావిట్, మలోలోస్

ఫిలిప్పీన్స్ వెళ్ళే మనవాళ్ళలో చాలామంది బొరకాయ్, పలావన్ బీచ్‌ల కోసం వెళ్తారు. లేదంటే అక్కడ మెడిసిన్ చదువుతున్న పిల్లల్ని చూడడానికి వెళ్తారు. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళు కూడా మనీలాలో అక్కడి జాతీయ వీరుడు హోసే రిజాల్ విగ్రహం దాకా వెళ్ళి ఆగిపోతారు. మేం మాత్రం అపొలినారియో మబీని కోసం వెళ్ళాం. దానికి కారణం మా అన్నయ్య. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పోయాయి. చాలా ఏళ్ళుగా జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాడు, చక్రాల కుర్చీలోనే కోర్టుకు వెళ్తాడు. కాళ్ళు కదలని ఒక లాయర్ ఒక దేశానికి మొదటి ప్రధానమంత్రి అయ్యాడని ఎక్కడో చదివిన రోజు నుంచి ఆయన ఊరు చూడాలని పట్టుబట్టాడు. అందుకే వెళ్ళిన ప్రతి చోటునీ రెండు రకాలుగా తూచాను. మబీని గురించి అక్కడ ఎంత తెలుస్తుంది అన్నది ఒకటి, చక్రాల కుర్చీ ఎంతదాకా వెళ్తుంది అన్నది రెండోది.

ముందు ప్రయాణం సంగతి. 2025 జూన్ నుంచి భారతీయులు పర్యటన కోసమైతే 14 రోజులదాకా వీసా లేకుండా వెళ్ళొచ్చు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు, తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ ఉండాలి. ఆ 14 రోజుల్ని అక్కడికి వెళ్ళాక పొడిగించుకోవడం కుదరదు. దిగడానికి 72 గంటల లోపు ఈట్రావెల్ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి, అది ఉచితం. డబ్బులు అడిగే సైట్లు కూడా ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ సాయం ముందే టికెట్‌లో రాయించుకున్నాం. విమానం తలుపు దగ్గర నుంచి టాక్సీ దాకా ఒకే మనిషి తోడు ఉన్నాడు, ఎక్కడా మమ్మల్ని వదిలేసి వెళ్ళలేదు.

మనీలాలో ఎర్మిటా ప్రాంతంలో దిగాం. అక్కడి పెద్ద వీధుల్లో ఒకదాని పేరే మబీని వీధి. డబ్బు మార్చే దుకాణాలు వరసగా ఉంటాయి, ఎయిర్‌పోర్టు కన్నా రేటు నయం. దగ్గర్లోని పాకో ప్రాంతంలో మహాత్మా గాంధీ పేరుతో ఒక వీధి, ఆ దగ్గర్లోనే సిక్కు గురుద్వారా ఉన్నాయి. ఆ చుట్టుపక్కల భారతీయ సరుకులు దొరుకుతాయి. పప్పు, అటుకులు, ఊరగాయ లేనిదే రోజు గడవనివాళ్ళకు ఎర్మిటాలో ఉండడమే మంచిది. పక్క నగరం మకాటిలో హోటళ్ళు కొత్తవి, ఫుట్‌పాత్‌లు బాగుంటాయి, కానీ అద్దె ఎక్కువ, పాత మనీలాకు దూరం. మేం తీసుకున్న గది మాత్రం మమ్మల్ని నిరాశపరిచింది. వికలాంగులకు అనువైన గది అని బుకింగ్‌లో రాసి ఉంది. తీరా చూస్తే బాత్‌రూం గుమ్మం ఎత్తుగా ఉంది, కుర్చీ లోపలికి పోదు. రిసెప్షన్‌లో అడిగితే క్షమించమన్నారు గానీ గది మార్చలేదు. బుక్ చేసేముందు బాత్‌రూం తలుపు వెడల్పు, గడప ఫోటో పంపమని అడగండి. పంపని హోటల్‌ను వదిలేయండి.

నగరంలో తిరగడానికి గ్రాబ్ కార్లే వాడాం, అవి మన ఓలా లాంటివి. చిన్న కారులో మడిచిన కుర్చీ పడుతుంది గానీ సూట్‌కేసులు కూడా ఉంటే ఆరు సీట్ల బండి పిలవాలి. డ్రైవర్లలో ఒక్కరు కూడా కుర్చీ చూసి విసుక్కోలేదు, చాలామంది చెప్పకుండానే దిగి సాయం చేశారు. జీప్నీలు అనే అక్కడి షేర్ బండ్లు చూడడానికి ముచ్చటగా ఉంటాయి, కానీ వెనక మెట్టు ఎక్కి వంగి లోపలికి పోవాలి కాబట్టి అవి మాకు పనికిరాలేదు.

చూసినవాటిలో అన్నిటికన్నా ఎక్కువ విలువ ఉన్నది తనావన్. మనీలాకు దక్షిణాన బతంగాస్ ప్రాంతంలో ఉంది. టోల్ రోడ్డు మీద 70 కిలోమీటర్ల లోపే, కానీ ఊరు దాటేదాకా ట్రాఫిక్‌ను నమ్మలేం. పొద్దున్న ఆరింటికే బయలుదేరండి. బస్సులో అయితే మనీలాలోని బుఎందియా నుంచి ఎక్కి తనావన్‌లో దిగి, తలిసాయ్ వైపు వెళ్ళే బండి పట్టుకుంటే దారిలోనే తలగ అనే పల్లె వస్తుంది. మబీని 1864 జూలై 23న పుట్టింది అక్కడే. తండ్రి ఇనోసెన్సియో చదువు రాని రైతు. తల్లి దియోనిసియా బజారులో సరుకులు అమ్మేది. ఎనిమిది మంది పిల్లల్లో మబీని రెండోవాడు. కొడుకు పాదిరి కావాలని తల్లి ఆశ. ఆయన చదువు కోసం ఇంకొకరి ఇంట్లో పనివాడుగా ఉన్నాడు, తర్వాత మనీలా వెళ్ళి లెత్రాన్ కాలేజీలో బి.ఏ., సాంతో తోమాస్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం పూర్తి చేశాడు. లా పట్టా చేతికి వచ్చేసరికి 1894. ఆ చదువుకాలమంతా కోర్టులో కాగితాలు నకలు రాస్తూ బతికాడు. ఇది విన్నప్పుడు అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తనూ లా చదివేటప్పుడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బయట దస్తావేజులు రాసినవాడే.

తలగలోని స్మారక స్థలాన్ని జాతీయ చరిత్ర సంఘం నడుపుతోంది. ప్రవేశం ఉచితం. ఆవరణలో చెట్ల నీడ, పుట్టిన ఇంటి నమూనాలో నిలబెట్టిన తాటాకు ఇల్లు, మ్యూజియం, సమాధి ఉన్నాయి. 1903లో మనీలాలో ఖననం చేసిన అవశేషాల్ని 1956లో ఇక్కడికి తెచ్చారు. మ్యూజియంలో కథ వరసగా చెప్పారు, వివరాలు ఇంగ్లీషులోనూ చదువుకోవచ్చు. అన్నయ్యకు ఇక్కడ ఎత్తి దించాల్సిన అవసరం పెద్దగా రాలేదు. అక్కడి ఉద్యోగి ఒకామె మాతో పాటే తిరిగి, అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెప్పింది, బోర్డుల మీద లేని సంగతులు కూడా చెప్పింది.

అందులో ఒకటి రాయాలి. మబీనికి కాళ్ళు పోయింది 1896లో, 31 ఏళ్ళ వయసులో. రాజకీయంగా గిట్టనివాళ్ళు అది సుఖవ్యాధి వల్ల అని పుకారు పుట్టించారు. ఆ మాట ఆయన పోయిన చాలా దశాబ్దాల దాకా నడిచింది. చివరికి 1980లో ఎముకలు బయటికి తీసి వైద్యులు పరీక్షించి, పోలియో వల్లే అని తేల్చారు. ఒక మనిషి మీద నింద పోగొట్టడానికి సమాధి తవ్వాల్సి వచ్చింది! ఆ కాళ్ళు పోవడం వల్లే ఇంకోటి జరిగింది. అదే ఏడు స్పెయిన్ పాలన మీద తిరుగుబాటు మొదలైంది; అక్టోబరులో స్పానిష్ ప్రభుత్వం ఆయన్ని అరెస్టు చేసినప్పుడు, నడవలేని మనిషి కాబట్టి జైలుకు కాక ఆసుపత్రికి పంపి కాపలా పెట్టింది. మిగతా తోటివాళ్ళలో ఎందరినో కాల్చి చంపేశారు.

తనావన్‌లో రాత్రి ఉండాలా, తగయ్‌తయ్‌లోనా అన్నది చాలామందికి వచ్చే సందేహం. తగయ్‌తయ్ కొండ మీద ఉంటుంది, చల్లన, తాల్ సరస్సు, అందులోని అగ్నిపర్వతం కనిపిస్తాయి. కానీ శని, ఆదివారాల్లో రేట్లు పెరుగుతాయి, రోడ్లు నిండిపోతాయి. తనావన్‌లోని హోటళ్ళు సాదాసీదా, బయటికి చూడడానికి ఏమీ ఉండదు. మేం తనావన్‌లోనే ఉన్నాం. లిఫ్టు ఉంది, బాత్‌రూం విశాలంగా ఉంది, నడిపేవాళ్ళు ఇంట్లో మనుషుల్లా చూసుకున్నారు. మాలాంటివాళ్ళకు కొండ మీద గాలి కన్నా అదే ముఖ్యం.

తిండి గురించి. బతంగాస్‌లో పేరున్న వంట బులాలో, ఎద్దు ఎముకల పులుసు. అది మాకు కుదరదు. కూరగాయలు అని చెప్పి పిలిచే పినక్‌బెట్‌లో కూడా రొయ్యల ముద్ద వేస్తారు, కాబట్టి శాకాహారులు ముందే గట్టిగా చెప్పాలి. కాల్చిన వంకాయను టమాటా, ఉల్లిపాయతో కలిపి ఇచ్చే సలాడ్ మాత్రం అచ్చం మన కాల్చిన వంకాయ పచ్చడి లాగే ఉంటుంది, అన్నంలోకి రెండు పూటలా అదే తిన్నాం. బరాకో అనే అక్కడి కాఫీ చిక్కగా, ఘాటుగా ఉంటుంది. ఇక్కడి పల్లెలు 19వ శతాబ్దంలో కాఫీ తోటలతోనే బాగుపడ్డాయి, ఆ శతాబ్దం చివర్లో తుప్పు తెగులు వచ్చి తోటలు పోయాయి.

కావిట్ మనీలాకు దక్షిణ శివారులోనే. ఎల్‌ఆర్‌టీ-1 రైలు 2024 నవంబరులో డాక్టర్ సాంతోస్ స్టేషన్ దాకా వచ్చింది, అక్కడి నుంచి కారు తీసుకుంటే తొందరగా చేరతాం. విప్లవాన్ని నడిపించి మొదటి అధ్యక్షుడైన ఎమిలియో అగినాల్దో ఇల్లు ఇది. 1898 జూన్ 12న స్పెయిన్ నుంచి స్వాతంత్ర్య ప్రకటన ఈ ఇంటి కిటికీలోంచే చదివారు. మబీని మొదటిసారి అగినాల్దోను కలిసింది కూడా ఆ రోజే. అప్పుడు మబీని లాస్ బాన్యోస్‌లో వేడినీటి బుగ్గల దగ్గర చికిత్సలో ఉన్నాడు. దారిలోని ఊళ్ళవాళ్ళు వంతులేసుకుని ఊయలలో మోసుకొచ్చారు. నడిచి రాలేని మనిషిని ఎందుకు అంతదూరం మోయించుకున్నారో ఆ తర్వాతి వారాల్లోనే తెలిసింది. అప్పుడు స్పెయిన్‌తో యుద్ధం చేస్తున్నది అమెరికా; ఆ ప్రకటనలో తమ దేశం అమెరికా రక్షణలో ఉందన్నట్టు రాయడం మబీనికి నచ్చలేదు. ఒక్క నాయకుడు ప్రకటిస్తే చాలదు, ప్రజల ప్రతినిధులు ఆమోదించాలన్నాడు. ఆగస్టు 1న బకోర్‌లో ఊళ్ళ అధ్యక్షులు సమావేశమై ఆమోదించారు. అంతకుముందే, జూన్ 18న, ఊరి స్థాయి నుంచి పాలన ఎలా నడవాలో చెప్పే ఉత్తర్వు ఆయన రాసి ఇచ్చాడు. "కాగితం సరిగ్గా లేకపోతే కేసు నిలవదని ఆయనకు తెలుసురా" అన్నాడు అన్నయ్య.

ఇల్లు మాత్రం చక్రాల కుర్చీకి అనువు కాదు. పాత చెక్క మెట్లు, అంతస్తు మీద అంతస్తు. అన్నయ్య కింది అంతస్తు, అగినాల్దో సమాధి ఉన్న తోట చూశాడు. పైగదులు నేను ఫోన్‌లో వీడియో తీసి చూపించాను. ఇల్లు గొప్పగా ఉంది, కానీ అది అగినాల్దో ఇల్లు. మబీని కోసమే వెళ్ళేవాళ్ళకు అరపూట చాలు.

మలోలోస్ ఉత్తరాన, బులకాన్‌లో. బరసోయిన్ చర్చి పాత పది పెసోల నోటు వెనక ఉండేది, ముందు వైపు మబీని. 1898 సెప్టెంబరు 15న ఇక్కడే కాంగ్రెస్ కూర్చుంది, 1899 జనవరి 23న రిపబ్లిక్‌ను ప్రకటించారు. మబీని జనవరి 2నే మంత్రివర్గానికి అధిపతి, అంటే ప్రధానమంత్రి అయ్యాడు, విదేశాంగం కూడా ఆయనదే. కానీ ఆయన రాసిన రాజ్యాంగ ప్రణాళికను కాంగ్రెస్ పక్కన పెట్టి సభ్యుడు ఫెలిపే కల్దెరోన్ ముసాయిదాను తీసుకుంది. యుద్ధం నడుస్తున్నప్పుడు ప్రభుత్వాన్ని నడిపేవాడి చేతులు కట్టేయొద్దన్నది మబీని వాదన. డబ్బు, భూమి ఉన్నవాళ్ళు నిండిన సభకు అది రుచించలేదు. ఫిబ్రవరిలో అమెరికాతో యుద్ధం మొదలైంది. అమెరికా తన ఏలుబడిలోనే ఇవ్వజూపిన స్వయంపాలనకు ఆయన ఒప్పుకోలేదు, మే 7న పదవి పోయింది. ఆ చోటులో పేద్రో పతెర్నో వచ్చాడు. చర్చి పక్క మఠంలోని మ్యూజియం ఈ గొడవ అంతా చెప్తుంది, అది కూడా ఉచితమే. వాదనలు చదవడం ఇష్టమున్నవాళ్ళకు మలోలోస్ రోజంతా సరిపోతుంది. చర్చిలో పెళ్ళి ఉంటే లోపల తిరగలేం, కాబట్టి పనిరోజు చూసుకుని వెళ్ళాలి.

చివరగా మనీలాలోనే ఉన్న నగ్తాహన్ ఇల్లు, మబీని బతికిన ఇల్లు. పాసిగ్ నది ఒడ్డున ఉండేది, చోటు మారి ఇప్పుడు ఫిలిప్పీన్స్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. ఎల్‌ఆర్‌టీ-2 పురేజా స్టేషన్ దగ్గర. గేటులో ఏదో ఒక గుర్తింపు కార్డు చూపించాలి. వెదురు, తాటాకు, ఎత్తైన నేల. 1899 డిసెంబరులో కుయాపో అనే ఊళ్ళో అమెరికన్లకు దొరికి, మరుసటి ఏడు విడుదలయ్యాక ఆయన ఉన్నది ఇక్కడే. అమెరికాకు విధేయుడినని ప్రమాణం చేయనన్నాడు, పత్రికల్లో రాయడం ఆపలేదు. 1901 జనవరిలో గువామ్ ద్వీపానికి పంపేశారు. అక్కడ ఇంగ్లీషు నేర్చుకున్నాడు, విప్లవ చరిత్ర స్పానిష్‌లో రాసి తానే ఇంగ్లీషులోకి మార్చాడు. ఆ పుస్తకం తల్లికి అంకితం. పాదిరి కావాలన్న ఆమె కోరిక తీర్చలేకపోయిన సంగతి అందులో ఆమెతోనే చెప్పుకున్నాడు. విప్లవం ఓడిపోవడానికి నడిపించిన తీరే కారణమని అగినాల్దో పేరు పెట్టి రాశాడు. 1903 ఫిబ్రవరిలో ఆ ప్రమాణం చేసి తిరిగొచ్చాడు. మే 13న కలరా తీసుకుపోయింది. వయసు 38.

ఈ ఇంటికి మెట్లు ఉన్నాయి. అక్కడి విద్యార్థులు ముగ్గురు పరిగెత్తుకొచ్చి, అడగకముందే అన్నయ్యను కుర్చీతో సహా పైకి ఎత్తారు. లోపల గది చిన్నది. దేశానికి ప్రధానమంత్రిగా చేసిన మనిషి బతికిన చోటు ఇంత ఇరుకా అని నాకు మనసు కలుక్కుమంది. మ్యూజియంగా చూస్తే తనావన్ కన్నా ఇక్కడ సమాచారం తక్కువ. అయినా ఈ రెంటిలో ఏదీ వదలొద్దనే చెప్తాను.

గువామ్‌లో ఆయన్ని ఉంచిన అసాన్ తీరంలో స్మారకం ఉంది, కానీ అది అమెరికా భూభాగం, భారతీయులకు అమెరికా వీసా కావాలి. ఈ యాత్రలో దాన్ని కలపడం కష్టం.

సమయం తక్కువ ఉంటే తనావన్, నగ్తాహన్ ఇల్లు. ఇంకో రోజు ఉంటే మలోలోస్. కావిట్‌ను అందరికన్నా చివర పెట్టుకోండి. చరిత్ర సంఘం మ్యూజియాలు సోమవారం మూసి ఉంటాయి, మధ్యాహ్నం నాలుగింటికే తలుపులు వేస్తారు. జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం, డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్తే మేలు. కుర్చీతో వెళ్ళేవాళ్ళు మడిచే కుర్చీ, టైరుకు గాలి కొట్టే చిన్న పంపు తీసుకెళ్ళండి. తలగ రోడ్డులో మాకు అది పనికొచ్చింది.