పాత బైకు క్లచ్: బాగుచేసుకోవడమా, కొత్త భాగాలు వేయడమా? ఏది మేలు?

పాత బైకు క్లచ్ స్లిప్ అవడం (పట్టు తప్పి జారడం) మొదలవగానే చాలామంది ముందు చేసే పని క్లచ్ కిట్ తెప్పించడం. అందులో ఫ్రిక్షన్ ప్లేట్లు (రాపిడితో పట్టుకునే లైనింగు ఉన్న పలకలు), స్ప్రింగులు, ఒక గాస్కెట్ ఉంటాయి. కవర్ విప్పి, పాతవి తీసి, కొత్తవి వేసి మూసేస్తారు. స్లిప్ పోతుంది, కొన్నాళ్ళు బండి బాగానే నడుస్తుంది. తర్వాత న్యూట్రల్ దొరకడం మానేస్తుంది. లివర్ పూర్తిగా నొక్కి పట్టుకున్నా బండి మెల్లగా ముందుకు పాకుతుంది. కొత్త ప్లేట్లు వేశాక కూడా ఇదేం గొడవ అని తల పట్టుకుంటారు.

బాగుచేయాలా, మార్చాలా అని మొత్తం క్లచ్‌కి కలిపి ఒకే ప్రశ్న వేసుకోవడంలోనే పొరపాటు ఉంది. ఒక్కో భాగానికీ జవాబు వేరు. అరిగిపోవడానికే తయారుచేసినవి కొన్ని ఉంటాయి: ఫ్రిక్షన్ లైనింగు, స్ప్రింగులు, కేబుల్. వాటి దగ్గర మొహమాటం అక్కర్లేదు, మార్చేయాలి. బండి ఉన్నన్నాళ్ళూ ఉండాల్సినవి ఇంకొన్ని: బాస్కెట్ (ప్లేట్లన్నీ కూర్చునే గిన్నె), హబ్ (దాని మధ్యలో ఉండే భాగం), స్టీల్ ప్లేట్లు (ఫ్రిక్షన్ ప్లేట్ల మధ్య ఉండేవి), ప్రెషర్ ప్లేట్ (స్ప్రింగుల బలంతో వాటిని నొక్కి పట్టేది). వీటిని ముందు బాగుచేయగలమేమో చూడాలి. ఇంకా గట్టిగా చెప్పాలంటే, గాట్లు పడ్డ బాస్కెట్‌లో కొత్త ప్లేట్లు వేయడం కన్నా, బాస్కెట్ సరిచేసి కొంత అరిగిన పాత ప్లేట్లనే మళ్ళీ వేసుకోవడం మేలు.

కవర్ విప్పేముందు

క్లచ్‌కి వచ్చే జబ్బులు ముఖ్యంగా రెండు. ఒకటి పట్టు తప్పడం. టాప్ గేరులో యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ గోల పెరుగుతుంది గానీ బండి వేగం పెరగదు. రెండోది విడవకపోవడం. లివర్ నొక్కినా ప్లేట్లు ఒకదాన్నొకటి వదలవు, మొదటి గేరు వేయగానే టక్కుమని కొడుతుంది. మొదటిదానికి అరిగిన లైనింగు, నీరసించిన స్ప్రింగులు, సరిపడని ఆయిల్, మరీ బిగుతుగా ఉన్న కేబుల్ కారణాలు. రెండోదానికి బాస్కెట్ గాట్లు, వంగిన స్టీల్ ప్లేట్లు, అరిగిన పుష్ రాడ్ (లివర్ నొక్కితే ప్రెషర్ ప్లేటును తోసే కడ్డీ), సాగిన కేబుల్. జబ్బు ఏదో తేలకుండా కిట్ కొనడం అనవసరం.

కొన్నిసార్లు ఏ భాగమూ మార్చనక్కర్లేదు. లివర్ మొదట్లో 2, 3 మిల్లీమీటర్ల ఖాళీ లేకపోతే పుష్ రాడ్ ఎప్పుడూ ప్రెషర్ ప్లేటును కొద్దిగా తోస్తూనే ఉంటుంది. ప్లేట్లు ఎంత బాగున్నా స్లిప్ అవుతాయి. ఈ ఖాళీని సరిచేయడానికి ఒక స్పానర్ చాలు. చాలాకాలం నిలబెట్టిన బండిలో ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఇంజిన్ ఆపి ఉండగానే గేరులో వేసి, లివర్ నొక్కి, బండిని ముందుకీ వెనక్కీ ఊపితే చాలాసార్లు విడిపోతాయి.

ఆయిల్ సంగతీ చూసుకోవాలి. ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరిగే బండ్లలో, ఇంధనం ఆదా కోసం రాపిడి తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ పోస్తే మంచి క్లచ్ కూడా జారుతుంది. జపాన్ వాళ్ళు 1998లో తెచ్చిన జాసో ప్రమాణంలో ఎంఏ అని ఉన్న ఆయిల్ తడి క్లచ్‌కి పనికొస్తుంది. ఎంబీ అంటే రాపిడి తక్కువ రకం, దీనికి వద్దు. డబ్బా వెనక ఆ రెండక్షరాలు చదివి పోసుకుంటే సరి.

ఫ్రిక్షన్ ప్లేట్లు: కొత్తవా, లైనింగు వేయించడమా?

దొరికితే కొత్తవే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. పాత ప్లేటు మెరుస్తోందని ఎమరీ పేపరుతో రుద్ది మళ్ళీ వేయడం తాత్కాలికమే. పైపొర గరుకవుతుంది తప్ప పోయిన మందం తిరిగిరాదు.

మందం ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క వేస్తే అర్థమవుతుంది. చాలా జపాన్ బైకుల్లో కొత్త ప్లేటు 3 మి.మీ. దగ్గర ఉంటుంది. 2.7, 2.8కి వచ్చిందంటే మార్చమని మాన్యువల్ చెబుతుంది. ఒక్కో ప్లేటు 0.2 మి.మీ. అరిగిందనుకోండి, చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. కానీ అలాంటివి ఐదు ఉంటే మొత్తం దొంతి 1 మి.మీ. తగ్గిపోయింది. ప్రెషర్ ప్లేటు అంత మేర లోపలికి జరుగుతుంది, స్ప్రింగులు అంత మేర వదులవుతాయి. అంటే లైనింగు అరిగేకొద్దీ దాన్ని నొక్కి పట్టే బలం కూడా తగ్గుతుంది. స్లిప్ నెమ్మదిగా మొదలై ఒక్కసారిగా ముదరడానికి ఇదొక కారణం.

ఇదే లెక్క కొత్త ప్లేట్లకీ వర్తిస్తుంది. వేరే కంపెనీ ప్లేట్లు తెచ్చినప్పుడు ఒక్కోటీ కొంచెం మందంగా ఉంటే దొంతి పెరుగుతుంది. స్ప్రింగులు ఎక్కువ నొక్కుకుపోతాయి, లివర్ బరువెక్కుతుంది, ప్రెషర్ ప్లేటు లేవాల్సినంత లేవదు. అందుకే పాతవి పారేయకముందే కొత్త దొంతినీ పాత దొంతినీ పక్కపక్కన పెట్టి వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరం) కొలవాలి. మాన్యువల్‌లో అసలు కొలత ఉంటే దానితోనూ సరిపోల్చాలి. ప్లేటు అంచున పొడుచుకొచ్చిన చెవుల వెడల్పు, వాటి సంఖ్య కూడా అప్పుడే చూసుకోవాలి.

కొత్తవి దొరకని మోడళ్ళకు పాత ప్లేటు చక్రం మీదే కొత్త లైనింగు అతికించడం మంచి దారి. పాత లైనింగు పూర్తిగా తీసి, లోహాన్ని శుభ్రం చేసి, వేడిమీదా ఒత్తిడిమీదా అతికిస్తారు. తెలిసినవాళ్ళు చేస్తే కొత్త ప్లేటుకి తీసిపోదు. కావాల్సిన మందం మనమే చెప్పి చేయించుకోవచ్చు, ఇది కిట్‌లో దొరకని సౌకర్యం. అయితే ఇంట్లో దొరికే జిగురుతో ఈ పని చేయకూడదు. వేడి నూనెలో అది ఊడివస్తే ముక్కలు ఆయిల్‌తో పాటు తిరుగుతాయి.

ఇంకా పాత బండ్లలో ప్లేటు రంధ్రాల్లో కార్కు ముక్కలు ఇరికించి ఉంటాయి. కార్కు నూనెలో చాలా మెత్తగా పట్టుకుంటుంది, బండి కుదుపు లేకుండా కదులుతుంది. దాని బలహీనత వేడి. ఒక్కసారి బాగా స్లిప్ అయిందంటే మాడిపోతుంది. మంచి సంగతేమిటంటే దీన్ని ఇంట్లోనే బాగుచేయొచ్చు: ముక్కల్ని వేడినీళ్ళలో నానబెట్టి మెత్తబరిచి, రంధ్రాల్లోకి నొక్కి, ఆరాక రెండు వైపులా సమంగా సాన పట్టాలి. అసలు రూపంలోనే బండి ఉండాలనుకునేవాళ్ళకి కార్కే సరి. రోజూ ట్రాఫిక్‌లో నడిపేవాళ్ళు, ఆ మోడల్‌కి దొరికితే, అతికించిన లైనింగు ప్లేట్లకు మారడం మంచిది.

ఒక జాగ్రత్త మాత్రం అందరికీ చెప్పాలి. పాతకాలం లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఏళ్ళ తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. ఎప్పటివో తెలియని ప్లేట్లను పొడిగా రుద్దొద్దు, కంప్రెసర్ గాలి కొట్టొద్దు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటగట్టి పారేయండి.

స్టీల్ ప్లేట్లు

ఇవి తొంభై పాళ్ళు మళ్ళీ పనికొస్తాయి. మందపాటి గాజు పలక మీద పెట్టి చుట్టూ ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) దూర్చి చూడాలి. వంపు హద్దు సాధారణంగా 0.1 నుంచి 0.3 మి.మీ. మధ్య ఉంటుంది, మీ బండి మాన్యువల్ చెప్పిందే ప్రమాణం. సమంగా ఉంటే అదే గాజు మీద ఎమరీ పేపరు పరచి, నూనె వేసి, గుండ్రంగా తిప్పుతూ రుద్దితే మెరుపు పోతుంది. నీలం రంగుకు తిరిగినవి బాగా వేడెక్కినవి. వాటిలో వంపు ఉంటే సుత్తితో సరిచేసే ప్రయత్నం వద్దు, కొత్తవి వేయాలి.

అసలు సమస్య: బాస్కెట్

ఫ్రిక్షన్ ప్లేటు అంచున పొడుచుకొచ్చిన చెవులు బాస్కెట్ గాడుల్లో కూర్చుంటాయి. ఇంజిన్ ఒక్కో ఊపుకీ ఆ చెవులు గాడి గోడను గుద్దుతాయి. ఏళ్ళు గడిచేసరికి ఒక్కో ప్లేటు ఎదురుగా గోడ మీద ఒక్కో గాటు పడుతుంది. అల్యూమినియం బాస్కెట్లలో ఇది మరీ త్వరగా వస్తుంది. గోడ మీద గోరు పెట్టి కిందినుంచి పైకి గీస్తే మెట్లు మెట్లుగా తగులుతుంది.

లివర్ నొక్కినప్పుడు ప్లేట్లు ఈ గోడ వెంట జారి విడిపోవాలి. గాట్లుంటే చెవులు వాటిలో చిక్కుకుని కదలవు. లివర్ వదిలినప్పుడు కూడా ఒక్కో ప్లేటు ఒక్కో గాటు దాటుకుంటూ వస్తుంది కాబట్టి బండి కుదుపుతో కదులుతుంది. కొత్త ప్లేట్లు వేసినా కథ మారకపోవడానికి కారణం ఇదే. పైగా మందం మారడం వల్ల కొత్త చెవులు పాత గాట్ల మధ్య గట్టు మీద కూర్చుంటాయి, అక్కడ మళ్ళీ కొత్త గాట్లు కొడతాయి.

గాట్లు పైపైన ఉంటే ఆకురాయి చాలు. చదునైన సన్న ఆకురాయితో గాడి గోడను నిలువుగా, సమంగా రాయాలి. రెండు విషయాలు మరవొద్దు. గోడ వాలిపోకుండా నిటారుగా ఉండాలి, లేకపోతే చెవి మొత్తం ఆనకుండా ఒక అంచే ఆనుతుంది. గాడుల మధ్య వేళ్ళలా నిలబడే భాగాలన్నిటి దగ్గరా ఒకేలా రాయాలి, లేకపోతే భారం ఒకటి రెండు వేళ్ళ మీదే పడి అవి విరుగుతాయి. అర మిల్లీమీటరు లోపు గాట్లకు ఈ పని నిశ్చింతగా చేయొచ్చని నా లెక్క. అంతకంటే లోతైతే గాడి బాగా వెడల్పవుతుంది, చెవులు వదులై ఖాళీలో లటలటమంటాయి, గాట్లు ఇంకా త్వరగా పడతాయి. వేలి మొదట్లో పగులు కనిపిస్తే మాత్రం ఆలోచనే వద్దు. విరిగిన ముక్క గేర్ల మధ్య పడితే ఇంజిన్‌కే ముప్పు.

కొత్త బాస్కెట్ దొరక్కపోతే సెకండ్ హ్యాండ్ ఒకటి వెతకడం, లేదా అల్యూమినియం వెల్డింగుతో గాట్లు నింపి మిల్లింగ్ చేయించడం మిగిలిన దారులు. వెల్డింగ్ వేడికి బాస్కెట్ వంకర పోయే అవకాశముంది కాబట్టి, ఒక మోస్తరు అరిగిన సెకండ్ హ్యాండ్ బాస్కెట్ దొరికితే దానికే నా ఓటు.

బాస్కెట్ వెనక ప్రైమరీ గేరుని (ఇంజిన్ శక్తిని క్లచ్‌కి అందించేది) పట్టి ఉంచే రివెట్లు, వాటి మధ్య రబ్బర్లో స్ప్రింగులో కూడా చూడాలి. గేరుని ఒక చేత్తో, బాస్కెట్‌ని ఇంకో చేత్తో పట్టి మెలితిప్పితే వదులుగా ఊగుతోందంటే అవి పోయినట్టే. మంచి లేత్ షాపులో రివెట్లు తీయించి కొత్తవి వేయించుకోవచ్చు. ఇక్కడ బాగుచేయడమే గెలుస్తుంది. హబ్ పళ్ళ మీద పడే గాట్లకూ ఆకురాయి సూత్రమే.

స్ప్రింగులు, పుష్ రాడ్, కేబుల్

స్ప్రింగులు పొడవు తగ్గితే అన్నీ కలిపి మార్చాలి. వాషర్లు పెట్టి సర్దడం వద్దు. స్లిప్ తగ్గుతుందని గట్టి స్ప్రింగులు వేసేవాళ్ళున్నారు. మామూలుగా నడిపే బండికి అది మంచిది కాదు. అసలు లోపం దాగిపోతుంది, చెయ్యి నొప్పి పుడుతుంది, అదనపు భారం కేబుల్, పుష్ రాడ్, బేరింగుల మీద పడుతుంది.

పుష్ రాడ్ కొస చదునై పుట్టగొడుగులా విచ్చుకుందంటే దాని గట్టిదనం పోయింది. రాసి సమం చేస్తే రాడ్ పొట్టిదవుతుంది, మెత్తని కొస మళ్ళీ విచ్చుకుంటుంది. కొత్తదే మేలు, దాంతోపాటు స్టీల్ బాల్ కూడా.

కేబుల్ తెగేది ఎక్కువగా నిపుల్ (తీగ చివర ఉండే లోహపు గుండు) దగ్గర. ఆ మోడల్ కేబుల్ దొరకనప్పుడు కొత్త నిపుల్ సోల్డర్ చేసుకోవచ్చు, కానీ పద్ధతిగా చేయాలి. తీగను నిపుల్‌లోంచి దూర్చి, పైన తేలిన పోగులను పువ్వులా విప్పి, శుభ్రం చేసి, ఫ్లక్స్ రాసి, విప్పిన పోగులు నిపుల్ గుంటలో కూర్చునేలా సోల్డర్ నింపాలి. పోగులు విప్పకుండా అతికిస్తే తీగ జారి వచ్చేస్తుంది, అదీ లివర్ నొక్కిన క్షణంలో. ఒక్క పోగు తెగినా మొత్తం కేబుల్ మార్చేయడమే నా సలహా. పాతదాన్ని సోల్డర్ చేసి సీటు కింద స్పేర్‌గా ఉంచుకోవచ్చు.

విప్పడమే పెద్ద పని అయితే

ఇప్పటిదాకా చెప్పింది కవర్ తీయగానే క్లచ్ కనిపించే బండ్ల గురించి. పాత బీఎండబ్ల్యూ బాక్సర్లలో (సిలిండర్లు రెండు పక్కలకీ ఉండే బండ్లు) ఆయిల్‌లో మునగని పొడి క్లచ్ ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉంటుంది, గేర్‌బాక్స్ జరిపితే తప్ప అందదు. అక్కడ లెక్క తిరగబడుతుంది. సగం అరిగిన ప్లేటును మళ్ళీ వేసి మూయడం తెలివి కాదు, అంత శ్రమా త్వరలోనే మళ్ళీ పడాలి. ప్లేటుతో పాటు క్రాంక్ వెనక ఆయిల్ సీలు కూడా అప్పుడే మార్చాలి. ఆ సీలు కారితే ఆయిల్ పొడి ప్లేటు మీద పడుతుంది, కొత్త ప్లేటు కూడా జారుతుంది.

నార్టన్ కమాండోలో మామూలు స్ప్రింగుల బదులు పళ్ళెంలాంటి డయాఫ్రమ్ స్ప్రింగు ఒక్కటే ఉంటుంది. దానికోసం చేసిన టూల్ లేకుండా విప్పితే ఆ స్ప్రింగు ఎగిరి మనిషిని గాయపరచగలదు. ఆ టూల్ సంపాదించాకే చేయి పెట్టాలి.

పాత ట్రయంఫ్, బీఎస్ఏ బండ్లలో స్ప్రింగులను నట్లతో విడివిడిగా బిగించాలి. వీటిలో అన్నీ కొత్తవి వేసినా, బిగింపు సమంగా లేకపోతే ప్రెషర్ ప్లేటు వంకరగా లేచి ఒక వైపు ప్లేట్లు విడవవు. లివర్ నొక్కి పట్టి, కిక్ మెల్లగా తిప్పుతూ ప్రెషర్ ప్లేటు అంచును చూడాలి. ఊగుతుంటే తక్కువ లేస్తున్న వైపు నట్టు కొద్దిగా వదులు చేయాలి, లేదా ఎక్కువ లేస్తున్న వైపుది బిగించాలి. అంచు ఊగకుండా తిరిగేదాకా ఇలా సర్దుతూ పోవాలి. తడి క్లచ్‌లో వేసే కొత్త ప్లేట్లను ఒక రాత్రంతా ఆయిల్‌లో నాననిచ్చి బిగించాలి. కొత్త లైనింగు కుదురుకునే కొద్దీ లివర్ దగ్గరి ఖాళీ మారుతుంది కాబట్టి, మొదటి కొన్ని వందల కిలోమీటర్లూ దాన్ని తరచూ చూసి కేబుల్ సరిచేసుకుంటూ ఉండాలి.