బెదిరిన గుర్రం, బెదిరిన రౌతు: మూడు రోజుల శిక్షణపై సమీక్ష

గుర్రం మీది నుంచి పడి భుజం విరిగిన ఏడాదికి, ఎముక ఎప్పుడో అతుక్కున్నప్పటికీ, రికాబులో కాలు పెట్టగానే ఊపిరి బిగబట్టే అలవాటు నన్ను వదలలేదు. అందుకే గుర్రాల్లోనూ రౌతుల్లోనూ ఒత్తిడిని, మానసిక గాయాన్ని గుర్తించడం నేర్పే మూడు రోజుల శిక్షణలో చేరాను. ఇది స్వారీ నేర్పే శిక్షణ కాదు, గుర్రానికి జీను వేసింది ఒక్క పూట మాత్రమే. ఈ సంగతి తెలియక వచ్చిన ఇద్దరు మొదటి మధ్యాహ్నానికే విసుగు చెందారు.

మొదటి రోజు అంతా చూడటమే పని. కంచె అవతల నాలుగు గుర్రాలను నిలిపి, వాటిలో అన్నిటికంటే ప్రశాంతంగా ఉన్నది ఏదో చెప్పమన్నారు. గోడ పక్కన కదలకుండా నిలబడి, ఎవరు ముట్టుకున్నా అభ్యంతరం చెప్పని గోధుమరంగు గుర్రాన్ని మాలో చాలామంది చూపించాం. అప్పుడు శిక్షకురాలు మమ్మల్ని దాని దగ్గరికి తీసుకువెళ్లి, కంటి పైభాగంలో బిగువును, గట్టిపడిన దవడ కండరాలను, వెనుక చప్పుడైనా అటు తిరగని చెవులను ఒక్కొక్కటిగా చూపించారు. గుర్రం ముఖంలో నొప్పిని లెక్కించడానికి 2014లో ప్రచురితమైన కొలమానంలోని ఆరు గుర్తుల్లో బిగిసిన కళ్లు, దవడ కూడా ఉన్నాయని అక్కడే తెలిసింది. తప్పించుకునే దారి లేదని పదే పదే అనుభవమైన ప్రాణి ప్రయత్నమే మానేస్తుందని 1967లో కుక్కలపై ప్రచురితమైన ప్రయోగాలు చూపించాయి. చెప్పినట్టు వినే గుర్రం అని మనం మెచ్చుకునేవాటిలో కొన్ని ఆ స్థితిలోనే ఉండవచ్చునన్న వివరణ నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది, ఎందుకంటే నేను స్వారీ నేర్చుకున్నది అలాంటి గుర్రం మీదే.

రెండో రోజు గుర్రానికీ, మాకూ గుండె వేగాన్ని కొలిచే పట్టీలు కట్టారు. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. స్వీడన్ పరిశోధకులు 2009లో వెలువరించిన ఒక అధ్యయనంలో, గుర్రం దాటుతుండగా గొడుగు తెరుస్తామని దానిని నడిపించేవారికీ, స్వారీ చేసేవారికీ చెప్పి, చివరకు తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగంతో పాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది. మాతో దాదాపు ఇదే చేయించారు. గొడుగు మూసే ఉందని నాకు కనిపిస్తున్నా నా మోకాళ్లు బిగిశాయి, పగ్గాలు కురచయ్యాయి, గుర్రం తల పైకెత్తింది. నేను బిగించినందుకు అది బెదిరి, అది బెదిరినందుకు నేను మరింత బిగించే ఈ చక్రాన్ని మాటల్లో ఎన్నిసార్లు విన్నా, తెర మీద రెండు గీతలు కలిసి పైకి లేవడం చూసినప్పుడే నమ్మాను.

బెదురు పోగొట్టే పద్ధతిని కూడా తొందరపడకుండా నేర్పారు. భయపెట్టే వస్తువును గుర్రం గమనించినా మేత నమలడం మానని దూరంలో మొదలుపెట్టి, అది పారిపోవాలనుకోకముందే వెనక్కి తీసుకోవాలి. అలసి లొంగిపోయేదాకా ఆ వస్తువు ఎదుటే నిలిపి ఉంచే పాత పద్ధతి వల్ల మొదటి రోజు చూసిన గోధుమరంగు గుర్రంలాంటివి తయారయ్యే ప్రమాదం ఉంది. పాత భయం చెరిగిపోదని, దాని మీద కొత్త అనుభవం పేరుకుంటుందని, అందుకే కొత్త చోట ఆ భయం మళ్లీ తలెత్తవచ్చునని శిక్షకురాలు దాచకుండా చెప్పడం నాకు నచ్చింది.

ఇక లోపాల విషయానికి వస్తే, మూడో రోజు నిరాశపరిచింది. రౌతుల మానసిక గాయానికి కేటాయించింది రెండు గంటలే. పడిన తర్వాత కలిగే సహజమైన జంకునూ, 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథంలో చేర్చిన, తీవ్రమైన ఆఘాతం తర్వాత వచ్చే మానసిక రుగ్మత అయిన పీటీఎస్‌డీనీ ఒకే గాటన కట్టారు. మానసిక నిపుణులు ఎవరూ లేనిచోట అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ఎవరి ప్రమాదం వారు చెప్పమనడం సరికాదు. ఒకామె మధ్యలోనే లేచి వెళ్లిపోయారు, ఆమె వెంట ఎవరూ వెళ్లలేదు.

అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. పళ్లు, వీపు, సరిపోని జీను, కడుపులో పుండ్లు వంటి శారీరక కారణాలు లేవని పశువైద్యుడు తేల్చిన తర్వాతే ప్రవర్తన గురించి ఆలోచించాలన్న మాటను చివరి గంటలో ఒక్క వాక్యంలో ముగించారు. స్వారీ చేస్తుండగా కనిపించే 24 ప్రవర్తనల్లో ఎనిమిది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే నొప్పిని అనుమానించాలని చెప్పే పట్టిక 2018 నుంచి అందుబాటులో ఉన్నా, దాని ప్రస్తావనే రాలేదు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందంటారు కానీ, ఆ నాలుగో కాలు నొప్పిగా ఉందేమోనని సామెత చెప్పినవారికి తట్టినట్టు లేదు. ఈ శిక్షణ కూడా ఆ ప్రశ్నను ముందుగా అడగలేదు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. మొదటి రెండు రోజులకు మాత్రమే నమోదు చేసుకునే వీలుంది, మళ్లీ వెళ్తే నేను అదే చేస్తాను.