హెచ్చరిక: జనాభా లెక్కలు చదవడం నేర్పుతామనే కోర్సుకు డబ్బు కట్టే ముందు ఒక్క పేజీ అడిగి చూడండి

విశాఖలో తొమ్మిది, పది, ఇంటర్ చదివే పిల్లలున్న తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. ద్వారకానగర్ చుట్టుపక్కల ఒక శిక్షణ కేంద్రం ‘సాంకేతిక రచనలు చదవడం: జనాభా పెరుగుదల’ అనే కోర్సు నడుపుతోంది. పుస్తకంతో కలిపి 14,500 రూపాయలు. మా అమ్మాయిని చేర్పించాము. డబ్బు సంగతి అలా ఉంచితే, పట్టిక కనబడగానే కింద ఏముందో చూడకుండా జవాబు రాసేసే అలవాటు అక్కడ అంటింది. దాన్ని వదిలించడానికి ఇప్పుడు ఇంట్లో తంటాలు పడుతున్నాము.

కరపత్రం చదివితే ఎవరికైనా ఆశ పుడుతుంది. జనగణన పట్టికలు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఐక్యరాజ్యసమితి అంచనాలు, వీటి అసలు పేజీలనే పిల్లల ముందు పెట్టి చదివిస్తామన్నారు. ఆలోచన మంచిదే. విషయం కూడా బాగా ఎంచుకున్నారు. కూడికలు, శాతాలు వస్తే చాలు, అర్థం చేసుకోగలరు. పైగా ఇది రోజూ పేపర్లో నలిగే విషయం. ఒకప్పుడు ఇద్దరు చాలన్న ప్రభుత్వమే ఇప్పుడు ఇంకా కనమంటోంది. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో మన శాసనసభే తీసేసింది. ఇది ఎందుకని పిల్లలు తమంతట తాము చదివి తెలుసుకోగలిగితే అంతకంటే ఏం కావాలి?

చేతికి వచ్చింది మాత్రం స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్సుల కట్ట. అందులో 31వ పేజీ గురించి చెప్పాలి. 2001లో విశాఖ నగర జనాభా సుమారు 9.8 లక్షలు, 2011లో 17.3 లక్షలు అని పట్టిక. కింద ప్రశ్న: ‘పదేళ్లలో నగర జనాభా 76 శాతం పెరగడానికి నాలుగు కారణాలు రాయండి.’ వెనక జవాబులూ ఉన్నాయి: వలసలు, ఉక్కు కర్మాగారం, ఐటీ, ఫార్మా. ఉక్కు కర్మాగారం 2001 తర్వాత వచ్చినట్టు రాయడానికి ఎంత ధైర్యం కావాలో!

అంకెలు రెండూ నిజమే. కానీ ఆ రెండూ ఒకే నగరానివి కావు. 2005లో గాజువాక మున్సిపాలిటీని, చుట్టూ ఉన్న 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగర పాలక సంస్థను ఏర్పాటు చేశారు. పెరిగిన దానిలో పెద్ద భాగం సరిహద్దు జరపడం వల్ల లెక్కలోకి వచ్చింది. మా మామగారు గాజువాకలోనే ఇల్లు కట్టుకుని అక్కడే ఉంటున్నారు. మనవరాలి పుస్తకం చూసి, “ఈ ఇల్లు కట్టి ముప్ఫై ఏళ్లు దాటిందమ్మా, మీ మాస్టారు మమ్మల్ని ఎక్కడి నుంచి వలస వచ్చామని లెక్క కట్టారు?” అని అడిగారు. ఇదే తీరున చదివితే, 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లాను మూడుగా విభజించినప్పుడు 42.9 లక్షల మంది కాస్తా 19.6 లక్షలయ్యారు కాబట్టి సగానికి పైగా జనం మాయమయ్యారని రాయాలి.

నన్ను ఎక్కువగా మండించింది అది కాదు. ఆ పేజీ అడుగు అంచు చూడండి. పట్టిక కింద ఏదో చిన్న అక్షరాల గమనిక ఉండేది. జిరాక్సు తీసేటప్పుడు దాన్ని కోసేశారు. అక్షరాల తలకట్లు మాత్రం ఒక వరుసలో మిగిలాయి. సాంకేతిక రచన చదవడం నేర్పుతామని డబ్బు తీసుకుని, అందరికంటే ముందు చదవవలసిన వరుసను కత్తిరించి ఇవ్వడం ఏ రకం చదువు? మా అమ్మాయి ఇదే మాట అడిగితే, “సరిహద్దుల సంగతి మనకు అక్కర్లేదు, వలసలని రాస్తేనే మార్కులు” అన్నారట.

మిగతా పాఠాలదీ ఇదే తీరు. దేశ జనాభా 1991 నుంచి 2001 వరకు 21.5 శాతం పెరిగింది, తర్వాతి పదేళ్లలో 17.7 శాతం. దీని పక్కన ‘జనాభా పెరుగుదల తగ్గింది’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. కానీ ఆ రెండు దశాబ్దాల్లోనూ కొత్తగా చేరిన వాళ్లు దాదాపు సమానమే, చెరో 18.2 కోట్లు. రేటు తగ్గింది, చేరిన జనం తగ్గలేదు, ఎందుకంటే రెండోసారి శాతం కట్టింది 1991 నాటి 84.6 కోట్ల మీద కాదు, 2001 నాటి 102.9 కోట్ల మీద. పదిహేనేళ్ల పిల్లకు కాగితం, పెన్సిలు ఇచ్చి ఈ ఒక్క లెక్క చేయిస్తే చాలు, వార్తల్లో ‘తగ్గుదల’ అన్న మాట కనబడినప్పుడల్లా ఏది తగ్గిందని అడుగుతుంది. అంత విలువైన పాఠం చేతిలో ఉండి కూడా ఖాళీలు పూరింపజేశారు.

సంతానోత్పత్తి రేటుదీ అదే కథ. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు దేశంలో 2.0, మన రాష్ట్రంలో 1.7. తల్లిదండ్రుల తరం స్థానాన్ని పిల్లల తరం భర్తీ చేయడానికి సుమారు 2.1 కావాలి. ‘2.1 కంటే తగ్గితే జనాభా ______’ అని ఖాళీ, జవాబు ‘తగ్గుతుంది’. తగ్గుతుంది, కానీ వెంటనే కాదు. ఇంతకుముందు ఎక్కువగా పుట్టిన తరం ఇప్పుడు పిల్లలను కనే వయసులో ఉంటుంది కాబట్టి, రేటు పడిపోయాక కూడా కొన్ని దశాబ్దాల పాటు జనాభా పెరుగుతూనే ఉంటుంది.

ఐక్యరాజ్యసమితి 2024 అంచనాల నుంచి తీసుకున్న వాక్యం మరీ ఘోరం. ప్రపంచ జనాభా 2080ల మధ్యలో దాదాపు 1030 కోట్లతో గరిష్ఠానికి చేరి, ఆపై తగ్గవచ్చని, ఈ శతాబ్దంలోనే గరిష్ఠం రావడానికి 80 శాతం అవకాశం ఉందని ఆ నివేదిక చెబుతుంది. పుస్తకంలో ఆ 80 శాతమూ లేదు, ‘వచ్చు’ కూడా లేదు. ‘1030 కోట్లకు చేరుతుంది’ అని ఖరారు చేసేశారు.

ఇవన్నీ రాసి డబ్బు వెనక్కి అడిగితే రసీదు వెనక్కి తిప్పి చూపించారు. ‘పుస్తకం తెరిచిన తర్వాత ఫీజు తిరిగి ఇవ్వబడదు.’ తెరవకుండా ఎలా తెలుస్తుందని అడిగితే, వేసవి బ్యాచ్‌లో ఇంకో కోర్సుకు సర్దుబాటు చేస్తామన్నారు. మధ్యలో మానేసినవారికి మిగిలిన కాలపు ఫీజును 10 రోజుల్లో ఇవ్వాలని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అది చూపిస్తే, మాది కోచింగ్ కాదు, వర్క్‌షాప్ అన్నారు. బోర్డు మీద మాత్రం కోచింగ్ అనే ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాము. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాము. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ దాఖలు రుసుము లేదు. మీకూ ఇలా జరిగి ఉంటే రసీదు, కరపత్రం, వాట్సాప్ సందేశాలు పారేయకండి.

చేరాలనుకునేవారు పిల్లలతో చదివించే పేజీ ఒకటి చూపించమని ముందే అడగండి. సంవత్సరం, ఆధారం, కింది గమనికలు ఉన్నాయో లేదో చూడండి. చూపించకపోతే లేచి వచ్చేయండి. జనగణన పట్టికలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జనాభా పరిశోధన కేంద్రమే ఉంది. ఇంత దగ్గర్లో ఇవన్నీ ఉండగా కత్తిరించిన జిరాక్సులకు పద్నాలుగు వేలు పోయనక్కరలేదు.

ఇంకొక సంగతి. ఈ మధ్య అదే పుస్తకానికి నీలం అట్ట వేసి ‘డేటా అక్షరాస్యత’ అనే కొత్త పేరుతో ఎంవీపీ కాలనీ వైపు కూడా అమ్ముతున్నారు. పేరు చూసి వేరే కోర్సు అనుకోకండి. 31వ పేజీ తిప్పితే 76 శాతం లెక్క అక్కడే ఉంటుంది.