ఎన్‌ఏఐఏ బాస్కెట్‌బాల్: మా నాన్న విజిల్ ఊదకుండా ఆపుకున్న మూడు ఆటలు

మా నాన్న తెనాలి చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పీఈటీగా చేసి రిటైరయ్యారు. వల లేని రింగు, ఒక మూల పగిలిన సిమెంటు కోర్టు, ఏడాదికి రెండు బంతులు. వాటితోనే పిల్లల్ని జోనల్స్‌కి తయారు చేసేవారు. మొన్న చలికాలం అమెరికాలో మా దగ్గరికి, కాన్సాస్ సిటీ పక్కనున్న ఓవర్‌ల్యాండ్ పార్క్‌కి వచ్చారు. టీవీలో పెద్ద యూనివర్సిటీల మ్యాచులు పెడితే పది నిమిషాలు చూసి, "ఆట తక్కువ, అడ్వర్టైజ్‌మెంట్లు ఎక్కువమ్మలూ" అని లేచిపోయేవారు. అందుకే మార్చిలో కాన్సాస్ సిటీలో జరిగే ఎన్‌ఏఐఏ మగపిల్లల జాతీయ టోర్నమెంట్‌కి రెండు టికెట్లు తీశాను. ఏడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా నేనూ అంతకు ముందు వెళ్ళలేదు.

తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. ఎన్‌ఏఐఏ అంటే చిన్న కాలేజీల సంఘం. రెండు వందల పైచిలుకు కాలేజీలుంటాయి. చాలావాటి పేర్లు మనం విని ఉండం, కొన్నింటిలో మొత్తం విద్యార్థులు మన ఊళ్ళో ఒక జూనియర్ కాలేజీకి సరిపోయేంత. అలాగని తేలిగ్గా తీసుకోకండి. స్కాటీ పిపెన్, డెన్నిస్ రాడ్‌మన్ ఇద్దరూ ఎన్‌ఏఐఏ కాలేజీల్లో ఆడి, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి వెళ్ళి స్టార్లయినవాళ్ళే.

టోర్నీ పుట్టింది 1937లో, ఎనిమిది జట్లతో, ఈ కాన్సాస్ సిటీలోనే. పెట్టినవాళ్ళలో జేమ్స్ నైస్మిత్ కూడా ఉన్నాడు, అంటే బాస్కెట్‌బాల్ కనిపెట్టిన మనిషే. మేం టోర్నీకి వెళ్ళడానికి ముందు వారం నాన్నని లారెన్స్ ఊరికి తీసుకెళ్ళి, అక్కడి కాన్సాస్ యూనివర్సిటీలో అద్దం వెనక పెట్టిన, నైస్మిత్ రాసిన ఆట పదమూడు నిబంధనల అసలు కాగితాలు చూపించాను. టైపు కొట్టిన రెండు కాగితాలు. 2010లో వేలంలో 43 లక్షల డాలర్లకి పోయాయని చెబితే ఆయన పెద్దగా చలించలేదు. నైస్మిత్ 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో డ్రిల్లు మాస్టారుగా ఉండి, చలికాలం లోపల ఆడించడానికి ఈ ఆట అల్లాడని చెప్పినప్పుడు మాత్రం ఆగిపోయారు. "అంటే మనవాడే" అన్నారు. తర్వాత ఆయన కాన్సాస్ యూనివర్సిటీ జట్టుకి కోచ్‌గా చేశాడని, అక్కడి బాస్కెట్‌బాల్ కోచ్‌లలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్నవాడు ఆయనొక్కడేనని కూడా చెప్పాను. "పీఈటీ అన్నాక అంతే మరి, పిల్లలు ఆడాలి కానీ."

ఇక అసలు విషయం. ఆట జరిగేది డౌన్‌టౌన్‌లో పదమూడో వీధి మీదున్న మున్సిపల్ ఆడిటోరియంలో. 1930లలో కట్టిన రాతి భవనం. బయటినుంచి చూస్తే ఏదో పాత కోర్టు కచేరీలా ఉంటుంది కానీ లోపలికి వెళ్తే గుండ్రంగా, కోర్టు చుట్టూ సీట్లు దగ్గరగా ముడుచుకుని ఉంటాయి. పెద్ద కాలేజీల ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు జట్ల పోటీ, ఇక్కడ తొమ్మిది సార్లు జరిగింది, మరే భవనంలోనూ అన్నిసార్లు జరగలేదు. కొత్త అరేనాల్లో పై వరసలో కూర్చుంటే ఆటగాళ్ళు చీమల్లా కనిపిస్తారు, చివరికి పైన వేలాడే తెర చూసి వస్తాం. ఇక్కడ మేం ఆరో వరసలో కూర్చున్నాం. బూట్లు నేలకి రాసుకునే కీచు, బెంచీ మీద కోచ్ పళ్ళు కొరుకుతూ అనే మాట, రింగు అంచుకి తగిలిన బంతి "ఠంగ్" అనడం, అన్నీ చెవిన పడతాయి. డబ్బు పెట్టింది దీనికోసమేననుకోండి.

మేం చూసింది పదహారు జట్ల రౌండు, మూడు ఆటలు. మొదటిది ఏకపక్షం, దాని గురించి చెప్పేదేం లేదు. రెండో ఆట మా నాన్నది. ఎర్ర జెర్సీల జట్టులో పదకొండో నంబరు కుర్రాడున్నాడు, పొట్టివాడు, కుడిచేతి రెండు వేళ్ళు కలిపి తెల్ల టేపు చుట్టుకున్నాడు. నేను బంతినే చూస్తున్నాను. నాన్న నా మోచెయ్యి తట్టి, "బంతి వదిలెయ్, వాణ్ణి చూడు" అన్నారు. అటు వైపు షాట్ గాల్లోకి లేవగానే ఆ పిల్లాడు బంతి వంకే చూడట్లేదు. తనకన్నా జానెడు ఎత్తున్నవాడికి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, అడుగు అడుగునా వెనక్కి నెడుతున్నాడు. రీబౌండ్, అంటే రింగుకి తగిలి వెనక్కొచ్చిన బంతి, ఇంకెవరో పట్టుకుంటారు, పేరు ఇంకెవరికో వస్తుంది. వీడు మాత్రం ప్రతిసారీ అదే పని. "ఇది నేర్పడానికి నాకు మూడేళ్ళు పట్టేది. ఎవడూ చేసేవాడు కాదు, అందరికీ బంతే కావాలి" అన్నారు. ఆ తర్వాత నేనూ బంతిని చూడటం మానేశాను. ఇరవై ఏళ్ళుగా టీవీలో ఈ ఆట చూస్తున్నా, కెమెరా ఎప్పుడూ బంతి వెనకే పోతుంది కాబట్టి ఈ సంగతి నాకు తెలియనే లేదు.

చివరి నిమిషంలో అదే పిల్లాడికి రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డు రాకుండా వేసే షాట్లు, దొరికాయి. మూడు సార్లు బంతి నేలకి కొట్టి, టేపు ఉన్న వేళ్ళు షార్టుకి తుడుచుకున్నాడు. మొదటిది పడింది. రెండోది రింగు మీద తిరిగి తిరిగి బయటికి జారింది. నాన్న చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి పోయింది, విజిల్ తాడు ఉండే చోటుకి. నేను చూశానని చూసి చెయ్యి దించేశారు.

మా ముందు వరసలో ఆ కాలేజీ చొక్కాలేసుకున్న కుటుంబం ఒకటి. అమ్మమ్మగారు ఎక్కడో ఐదొందల మైళ్ళ నుంచి కార్లో వచ్చారట. ఆవిడ నాన్నకి ఒక కాగితపు జెండా ఇచ్చింది. ఆయనకి ఆవిడ యాస అర్థం కాదు, ఆవిడకి ఈయన ఇంగ్లీషు అర్థం కాదు, అయినా "డిఫెన్స్" అని ఇద్దరూ కలిసే అరిచారు.

హాఫ్ టైములో నాకు తెలిసిన ఒక కథ ఆయనకి చెప్పాను. జాన్ మెక్‌లెండన్ అని నల్లజాతి కుర్రాడు, కాన్సాస్ యూనివర్సిటీలో నైస్మిత్ దగ్గరే చదువుకున్నాడు, 1936లో పట్టా పుచ్చుకున్నాడు. కానీ నల్లవాడని కాలేజీ జట్టులో ఆడనివ్వలేదు. ఈ టోర్నమెంటులోనూ మొదట్లో నల్ల ఆటగాళ్ళకి చోటు లేదు. ఆ నిషేధం ఉందని 1947లో ఇండియానా స్టేట్ కోచ్ జాన్ వుడెన్ పిలుపొచ్చినా రానన్నాడు. 1948లో నిషేధం తీసేశారు, అప్పుడు అదే జట్టు నుంచి క్లారెన్స్ వాకర్ దిగి ఆడాడు. తర్వాత మెక్‌లెండన్ తన టెన్నెసీ ఏ అండ్ ఐ జట్టుని తీసుకొచ్చి, 1957, 58, 59 వరసగా మూడేళ్ళు ఈ కప్పు ఎత్తుకెళ్ళాడు. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆడనివ్వకపోయినా క్లాసులో కూర్చోబెట్టి నేర్పాడన్నమాట ఆ మాస్టారు" అన్నారు. ఆయన నైస్మిత్ వైపు నుంచే చూశారు, నేను మెక్‌లెండన్ వైపు నుంచి. దీనిమీద ఇంటికెళ్ళాక కూడా వాదించుకున్నాం.

ఇక నచ్చనివి. ఒకప్పుడు ముప్పై రెండు జట్లూ ఇక్కడికే వచ్చేవి, వారమంతా పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా ఆటలే. కప్పు గెలవాలంటే ఆరు రోజుల్లో ఐదు ఆటలు ఆడాలి కాబట్టే దీనికి అత్యంత కఠినమైన టోర్నమెంటని పేరొచ్చింది. 2021 నుంచి జట్లన్నిటినీ ముందు కాలేజీల కోర్టుల్లో ఆడించి, పదహారింటినే ఇక్కడికి తెస్తున్నారు. ఖర్చు లెక్కలో అది సబబేమో. కానీ అనామక జట్టొకటి మొదటి రోజు పెద్దవాళ్ళని కొట్టేసే మజా ఈ హాలుకి తగ్గిపోయింది. ఇంకొకటి, ఆడపిల్లల టోర్నీ అయోవాలోని సూ సిటీలో పెడతారు. అక్కడ వాళ్ళకి ఆదరణ బాగుందంటారు, సంతోషమే, కానీ మా అమ్మాయికి చూపించాలంటే నాకు నాలుగు గంటలకి పైగా డ్రైవింగ్.

పార్కింగ్ విషయంలో మోసపోకండి. హాలుకి రెండు వీధుల అవతల ఒక గ్యారేజీలో పెట్టాను. మిషను కార్డుని రెండుసార్లు గీకింది, అడుగుదామంటే మనిషి లేడు, ఫోన్ చేస్తే పాట వినిపించింది. డబ్బు తిరిగి రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. దానికన్నా యూనియన్ స్టేషన్ దగ్గర ఎక్కడైనా కారు పెట్టి స్ట్రీట్‌కార్ (ట్రామ్) ఎక్కండి, టికెట్టే లేదు, ఉచితం. పవర్ అండ్ లైట్ స్టాపులో దిగితే నాలుగడుగులు. తిండి సంగతి, ఈ ఊరు బార్బెక్యూకి పేరుమోసింది, మాంసం తినేవాళ్ళకి బెంగ లేదు. నాన్న తినరు. కార్లో స్టీలు డబ్బాలో పులిహోర పెట్టుకెళ్ళాను, రెండో ఆటకీ మూడో ఆటకీ మధ్య వెళ్ళి అదే గ్యారేజీలో సీట్లు వెనక్కి వాల్చి తిన్నాం. అందుకే మూడో ఆట మొదటి ఎనిమిది నిమిషాలు పోయాయి.

నా లెక్కన ఐదుకి నాలుగున్నర. అర తగ్గించింది ఆ పదహారు జట్ల సంగతికి. వెళ్తే ఫైనల్ రోజు కాదు, ముందు రోజుల్లో వెళ్ళండి. ఆటలు ఎక్కువ, జనం తక్కువ, కిందకి జరిగి కూర్చోవచ్చు. పెద్ద పేర్లే చూడాలనుకునేవాళ్ళు మాత్రం టీవీకే ఉండండి, ఇక్కడ మీకు ఎవరూ తెలియరు.

తిరిగొస్తుంటే హైవే ఎక్కాక నాన్న అడిగారు. "ఆ పదకొండో నంబరు పిల్లాడి జట్టుకి మళ్ళీ ఎప్పుడు ఆట?"

"ఓడిపోయారు కదా నాన్నా. ఇంటికి వెళ్ళిపోతారు."

"నాకౌటా? లీగ్ కమ్ నాకౌట్ అనుకున్నానే." కాసేపాగి, "ఒక్క ఫ్రీ త్రోకి" అన్నారు. జేబులోంచి ఆ కాగితపు జెండా తీసి, మడత పోకుండా డాష్‌బోర్డు మీద పెట్టారు.