పాత ఎక్స్‌పీ కంప్యూటరులో ఆటోమేటిక్ లాగిన్: పదేళ్ల వాడకం తరువాత

మా ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌లో నేటికీ విండోస్ ఎక్స్‌పీయే నడుస్తోంది. దీనికి భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయిన సంగతి తెలుసు కనుక ఇంటర్నెట్ కేబుల్ తీసివేసి, పేజీలు కూర్చే పేజ్‌మేకరు సాఫ్ట్‌వేరులో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో కూర్చిన పాత ఫైళ్లను తెరిచి దిద్దుకోవడానికి మాత్రమే దీనిని ఉంచుకున్నాను. ఆన్ చేసిన ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా డెస్క్‌టాప్ తెరుచుకునే ఏర్పాటును పదేళ్లకు పైగా వాడాను.

మొదట ఖాతాకు ఉన్న పాస్‌వర్డునే తొలగించాను. అది పొరపాటు. రోజూ రాత్రి ఫైళ్లను రెండో డ్రైవులోకి కాపీ చేయడానికి పెట్టుకున్న షెడ్యూల్డ్ టాస్క్ ఆనాటి నుంచి నడవలేదు. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న ఖాతా పేరు మీద ఎక్స్‌పీ అటువంటి పనులను మామూలుగా నడపదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పాస్‌వర్డును ఉండనిచ్చి, అడగడాన్ని మాత్రమే ఆపడం సరైన పద్ధతి. స్టార్ట్ మెనూలోని రన్‌లో 'కంట్రోల్' అని, ఒక ఖాళీ విడిచి 'యూజర్‌పాస్‌వర్డ్స్2' అని ఇంగ్లీషు అక్షరాలలో కొడితే వచ్చే పెట్టెలో, వాడుకరులు పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలన్న గడిలోని టిక్కు తీసి, ఓకే నొక్కి, అడిగినప్పుడు పాస్‌వర్డును ఒక్కసారి ఇస్తే చాలు.

ఈ ఏర్పాటు నమ్మకంగానే పనిచేసింది కానీ దాని పరిధి చిన్నది. స్టాండ్‌బై (కంప్యూటరు నిద్రపోయే స్థితి) నుంచి లేచినప్పుడు, స్క్రీన్‌సేవర్ తొలగినప్పుడు వచ్చే ప్రశ్నలు దీనికి లొంగవు. మొదటిదానిని పవర్ ఆప్షన్లలో, రెండవదానిని డిస్‌ప్లే సెట్టింగులలో విడివిడిగా ఆపుకోవాలి. పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా పై తతంగం మళ్లీ జరపవలసిందే. మా అబ్బాయికి వేరే ఖాతా ఉంది. కంప్యూటరు లేచేటప్పుడు షిఫ్ట్ మీటను పట్టుకుంటే ఆటోమేటిక్ లాగిన్ ఆగి, అతడు తన ఖాతాలోకి వెళ్లగలుగుతాడు. ఇంత ఉపయోగకరమైన సదుపాయం ఆ పెట్టెలో ఎక్కడా కనిపించకపోవడం విచిత్రం. ఇక మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినప్పుడు తేదీ వెనక్కిపోయి ఎఫ్1 నొక్కమని వచ్చే సందేశానికీ లాగిన్‌కూ సంబంధం లేదు. బ్యాటరీ మారిస్తే అది పోతుంది.

పవర్ బటన్ నొక్కిన ఎవరికైనా నా ఫైళ్లన్నీ కనిపిస్తాయి కనుక నలుగురు తిరిగే దుకాణంలోనో కార్యాలయంలోనో దీనిని పెట్టుకోమని చెప్పను. ఇంట్లో మాత్రం నేను ఎదుర్కొన్న అసలు చిక్కు వేరు: ఏళ్ల తరబడి పాస్‌వర్డ్ కొట్టే పనే లేకపోవడంతో దానిని పూర్తిగా మరచిపోయాను. పాత డైరీలన్నీ తిరగేస్తే రెండు రోజులకు దొరికింది. ఇప్పుడు దానిని ఒక కాగితం మీద రాసి ఇంటిపన్ను రసీదుల ఫైలులో ఉంచాను.