ముసురులో జింకల వేటకి ఊలు కోటా, రెయిన్ జాకెట్టా: కొన్ని సీజన్లు వాడాక

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం పడమటి అడవుల్లో బ్లాక్‌టెయిల్ (నల్లతోక) జింకల వేట సీజన్ అక్టోబరు మధ్యలో మొదలవుతుంది, మళ్లీ నవంబరులో కొద్దిరోజులు ఉంటుంది. సరిగ్గా ముసురు పట్టే కాలం. ఫోర్క్స్ ఊళ్లో ఏడాదికి 2,500 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది, హైదరాబాద్‌లో 800 చిల్లర. వాన తగ్గాక వెళ్దాంలే అనుకుంటే సీజనే అయిపోతుంది. (మన దేశంలో 1972 చట్టం ప్రకారం జింకల వేట నేరం. ఇక్కడ లైసెన్సు, ట్యాగు (కొట్టిన జింకకి కట్టాల్సిన అనుమతి చీటీ) ఉంటే వేటాడొచ్చు, అదీ సీజన్లోనే.)

నా దగ్గర రెండున్నాయి. ఒకటి మెంబ్రేన్ (వానని ఆపి, చెమట ఆవిరిని బయటికి వదిలే పల్చటి పొర) ఉన్న ఖరీదైన రెయిన్ జాకెట్, బ్రాండు చెప్పను. రెండోది సెకండ్ హ్యాండ్‌లో కొన్న దళసరి ఊలు కోటు. సియాటిల్ కంపెనీ ఫిల్సన్ 1914లో పేటెంటు తీసుకున్న క్రూజర్ నమూనాలో కుట్టింది. కలప లెక్కగట్టడానికి అడవులు తిరిగేవాళ్ల కోసం పుట్టిన కోటు, అందుకే ఎక్కడ చూసినా జేబులే.

జాకెట్ మీద కొత్తలో చుక్క నిలిచేది కాదు. తర్వాత భుజాల మీద, తుపాకీ బెల్టు రాసుకునేచోట పైగుడ్డ నీళ్లు పీల్చడం మొదలుపెట్టింది. అప్పుడు వాన లోపలికి రాకపోయినా చెమట బయటికి పోదు. కాస్త మెట్ట ఎక్కామంటే చెమటకే తడిసిపోతాం. దానికైతే ఉతికి, మళ్లీ నీళ్లు అంటకుండా చేసే స్ప్రే కొట్టుకోవచ్చు. చప్పుడుకే మందు లేదు. ఈ అడవుల్లో దట్టంగా పెరిగే సాలాల్ పొదల్లో కొమ్మ తగిలిన ప్రతిసారీ బరబరమంటుంది. నానిన ఆకుల మీద మన అడుగు వినబడదు, వానలో వేటకున్న లాభమే అది. ఆ లాభాన్ని కాస్తా జాకెట్ మింగేస్తుంది. హుడ్ వేసుకుంటే చెవుల పక్కన చినుకుల టపటపే తప్ప ఇంకేం వినబడదు.

ఊలు కోటు వానని ఆపదు. కానీ మన గొర్లకాపరులు వానలో గొంగడి కప్పుకున్నట్టే, తడిసినా వెచ్చగా ఉంటుంది. పొదకి తగిలినా చప్పుడుండదు. తుంపరలో గంటల తరబడి తిరిగినా తడి చర్మం దాకా రాదు. జోరువానలో మాత్రం బరువెక్కి భుజాలు లాగేస్తుంది, తిరిగొచ్చేటప్పుడు కారంతా గొర్రె వాసన. అందుకే నడిచేటప్పుడు ఊలు, ఒకచోట కూర్చుని కాపు కాసేటప్పుడు దానిమీద పల్చటి పాంచో (తలమీంచి వేసుకునే వాన ముసుగు). పాంచో వేశాక ఆరెంజ్ వెస్ట్ (మిగతా వేటగాళ్లకి మనం కనబడాలని వేసుకునే చేతుల్లేని కోటు) దాని కిందే ఉండిపోకూడదు. నడుముకి పైన 400 చదరపు అంగుళాల ఆరెంజ్ బయటికి కనబడాలన్నది రూలు. 2019 నుంచి పింక్ కూడా ఒప్పుకుంటున్నారు.

లోపల కాటన్ బనియన్, కింద జీన్స్ ఉంటే పైన ఎంత ఖరీదైన కోటున్నా దండగ. మంచే పడక్కర్లేదు, ఐదారు డిగ్రీల చలిలో తడి కాటన్‌తో ఉన్నా హైపోథర్మియా (ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడం) రావచ్చు. లోపల మెరినో ఊలు (సన్నటి, మెత్తటి గొర్రె ఊలు) వేసుకోండి. ఇంకోటి, వానకి నెత్తుటి జాడ చెరిగిపోతుంది. గాయపడ్డ జింక దొరక్కపోతే అంతకన్నా పాపం లేదు. అందుకే ముసురులో దగ్గరి షాటైతేనే కాలుస్తాను.

ఇలాంటి కోటు కొత్తది 400 డాలర్ల పైమాటే. పాతది తీసుకుంటే చంకల కింద కుట్లు, చిమ్మట కొట్టిన చిల్లులు చూసుకోండి. లోపల ఇంకో పొర పట్టేలా ఒక సైజు పెద్దదే కొనండి. తడిసింది హీటర్ దగ్గర పెట్టొద్దు, కుంచించుకుపోతుంది. గరాజ్‌లో ఫ్యాన్ కింద వేలాడదీస్తే నెమ్మదిగా అదే ఆరుతుంది.